ముందు కుంగిన పాత పికప్: కమాన్ కట్టలా, కాయిల్ స్పేసరా, టార్షన్ బోల్టా?

పదేళ్లు దాటిన పికప్ ముందు భాగం కుంగిందని చెప్పడానికి గుర్తులు కొన్ని ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ దిగగానే కింద బంప్ స్టాప్ రబ్బరు (చక్రం పైకి పోయే హద్దు దగ్గర ఆపేది) టక్కున తగులుతుంది. ముందు టైర్లు ఒక అంచునే అరుగుతుంటాయి. బ్రేకు కొడితే బానెట్ ముందుకు వాలి, వెనక చక్రాలు తేలికైపోతాయి. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి, ఎక్కడి మెకానిక్‌ను అడిగినా లేపే దారులు నాలుగైదు చెప్తారు: కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు) వంగబెట్టిద్దాం, ఒక పట్టీ చేరుద్దాం, కాయిల్ స్ప్రింగుకు స్పేసర్ ఉంగరం పెడదాం, టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా మోసే రాడ్డు) బోల్టు తిప్పుదాం, లేదా కొత్త సెట్టే వేద్దాం. వీటిలో ఏది చేసినా బండి లేస్తుంది. అయితే మీ బండికి, మీ లోడుకు సరిపోయేవి ఒకటో రెండో ఉంటాయి.

అన్నిటికన్నా ముందు ఒక విషయం అర్థం కావాలి. పాతబడి కుంగిన స్ప్రింగుకు గట్టిదనం పెద్దగా తగ్గదు, తగ్గేది దాని ఎత్తు. కొత్తలో వంద కిలోలకు ఎంత కిందికి దిగేదో ఇప్పుడూ దాదాపు అంతే దిగుతుంది, కాకపోతే దిగడం మొదలయ్యే చోటే కిందికి వచ్చింది. కాబట్టి పోయిన ఎత్తును తిరిగి తేవడం ఒక పని, ఎక్కువ బరువు మోయించడం మరో పని. స్పేసర్, టార్షన్ బోల్టు మొదటి పనే చేస్తాయి. ముందు బరువు పెరిగిన బండికి అవి పెట్టి ‘గట్టిపడింది’ అనుకుంటే నెల తిరగకముందే మళ్లీ బంప్ స్టాప్ చప్పుడు వినాలి. అట్లాగే బరువేమీ పెరగని బండికి గట్టి స్ప్రింగులు వేయిస్తే ఖాళీగా తిరిగేటప్పుడు నడుము విరుగుతుంది.

తేల్చుకోవలసినవి

ఎంత కుంగింది, రెండు వైపులా ఒకేలా కుంగిందా? ముందు బరువు ఏమైనా పెరిగిందా? బండిని ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారు? రోజూ లోడు కడుతుందా, పొలానికీ ఇంటికీ తిరుగుతుందా? ఆ పని సరిగ్గా చేసే మనిషి మీకు దగ్గర్లో ఉన్నాడా? ఈ అయిదింటికి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. మొదటిదానికి జవాబు టేపుతోనే దొరుకుతుంది.

కొలత నేల నుంచి తీయొద్దు. టైరు అరుగుదల, గాలి అందులో కలిసిపోతాయి. చక్రం మధ్య, అంటే హబ్ నడిమి నుంచి నేరుగా పైకి మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. పెట్రోల్ బంకు సిమెంటు నేలో, కాంటా ప్లాట్‌ఫారమో అయితే సమంగా ఉంటుంది. ముందు టైర్లు రెండింటిలో గాలి సమానం చేయండి, బండి ఖాళీగా ఉండాలి, లోపల మనిషి ఉండొద్దు. బంపర్‌ను రెండు మూడు సార్లు నొక్కి వదిలి, బండిని నాలుగు అడుగులు ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు కొలవండి. నాలుగు చక్రాల కొలతలూ రాసిపెట్టుకోండి. వీలైతే మామూలు లోడుతో మరోసారి తీయండి. లోడు వెనక ఇరుసు దాటి తోక మీద పడితే ముందు భాగం పైకి లేస్తుంది. అప్పుడు మాత్రమే చూసి ‘ముందు బాగానే ఉంది’ అనుకుంటే పొరపాటు.

కుడి, ఎడమల మధ్య 10 మి.మీ. దాకా తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. డ్రైవర్ కూర్చునే వైపు, డీజిల్ ట్యాంకు ఉన్న వైపు కొంచెం దిగే ఉంటాయి. 15 మి.మీ. దాటితే అది వయసు వల్ల వచ్చిన కుంగుడు కాదు, ఏదో విరిగి ఉంటుంది. తప్పు ముందుదో వెనకదో తేలకపోతే ముందు క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డ దూలం) సరిగ్గా నడిమిన జాకీ పెట్టి, ముందు చక్రాలు నేలను వదిలేదాకా ఎత్తండి. అప్పుడు వెనక భాగం సమంగా నిలబడితే తప్పు ముందు ఉంది. ఇంకా ఒక వైపు ఒరిగే ఉంటే వెనక కట్టలు చూడాలి. వెనక ఎడమ కట్ట విరిగితే ముందు ఎడమ మూల కూడా కుంగినట్టు కనపడుతుంది. అది చూసి ముందు స్ప్రింగులు మార్చిన బండ్లు మన దగ్గర తక్కువేమీ లేవు.

కొలతలు రాసుకున్నాక బండి కింద దుమ్ము, మట్టి వాటర్ సర్వీసింగ్‌లో కడిగించండి. నల్లరేగడి మన్ను ఎండి గడ్డకడితే విరిగిన పట్టీ, చీలిన కాయిల్ చివర కనపడవు. కాయిల్ సాధారణంగా కింద కప్పులో కూర్చునే మొదటి చుట్టు దగ్గరే విరుగుతుంది. చాసిస్ మీద కమాన్ బ్రాకెట్ల చుట్టూ, టార్షన్ బార్ క్రాస్ మెంబర్ చివర్లలో తుప్పు, వెల్డింగ్ పగుళ్లు చూడండి. పగులు ఉంటే మిగతా వ్యాసంతో పని లేదు. ముందు చాసిస్ పని, ఆ తర్వాతే ఎత్తు.

షాకబ్జర్ల గురించి ఒక మాట. అవి ఊపును ఆపుతాయి తప్ప బండిని మోయవు. గ్యాస్ షాకబ్జర్లు వేసినా లేచేది నామమాత్రమే. కుంగిన బండికి షాకబ్జర్లు మార్చి ఎత్తు కోసం ఎదురుచూడటం డబ్బు దండగ.

మీ బండి కింద ఏముంది?

పేరు చూసి నిర్ణయించొద్దు. టాటా ఏస్, టాటా 407 ముందు కమాన్ కట్టలతో వచ్చినవే. బొలేరో పేరుతో అమ్మిన బండ్లలో మాత్రం ముందు కమాన్ ఉన్నవీ ఉన్నాయి, కాయిల్ ఉన్నవీ ఉన్నాయి. ఇసుజు డి-మ్యాక్స్ మన దేశంలో కాయిల్‌తో వచ్చింది. స్కార్పియో గెటవే లాంటి వాటికి టార్షన్ బార్, అంటే చక్రాన్ని పట్టుకునే లోయర్ లేదా అప్పర్ ఆర్మ్ నుంచి చాసిస్ వెంట వెనక్కి వెళ్లే పొడవాటి రాడ్డు. దాని వెనక చివర ఒక పెద్ద బోల్టు ఉంటుంది. కింద పడుకుని చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

టార్షన్ బార్ అంటే మన దగ్గర పెద్ద మెకానిక్‌లకు కొత్తేమీ కాదు. 2000 నుంచి 2005 దాకా అమ్మిన టయోటా క్వాలిస్, ఆ తర్వాత వచ్చిన చెవ్రొలె తవేరా ఆ పద్ధతిలోనివే. ట్యాక్సీలుగా పాలమూరు, నల్లగొండ రోడ్ల మీద చాలా తిరిగాయి. క్వాలిస్ పని చేసిన మనిషి దొరికితే టార్షన్ బార్ పికప్ అతనికే ఇవ్వండి.

| దారి | దేనికి | సుమారు ఎత్తు | నిలిచే కాలం | పోగొట్టుకునేది |
|---|---|---|---|---|
| బుష్షులు, షాకిల్ పిన్నులు | కమాన్ | కొద్ది మి.మీ. | ఏళ్లు | ఏమీ లేదు |
| వంగబెట్టించడం | కమాన్ | 20–40 మి.మీ. | నెలలు | నమ్మకం |
| పట్టీ చేర్చడం | కమాన్ | 20–40 మి.మీ. | ఏళ్లు | మెత్తదనం |
| కొత్త కట్టల జత | కమాన్ | కంపెనీ ఎత్తు | ఏళ్లు | డబ్బు |
| కాయిల్ మధ్య రబ్బరు బఫర్ | కాయిల్ | 5–15 మి.మీ. | నెలలు | స్ప్రింగు కదలిక |
| స్పేసర్ | కాయిల్ | 15–30 మి.మీ. | స్ప్రింగు ఉన్నంత కాలం | కిందికి వేలాడే జాగా |
| కొత్త కాయిల్ జత | కాయిల్ | కంపెనీ ఎత్తు | ఏళ్లు | డబ్బు |
| బోల్టు తిప్పడం | టార్షన్ | 40 మి.మీ. దాకా | బార్ కుంగకపోతే ఏళ్లు | కిందికి వేలాడే జాగా, హద్దు దాటితే బాల్ జాయింట్లు |
| కొత్త బార్ల జత | టార్షన్ | కంపెనీ ఎత్తు | ఏళ్లు | డబ్బు, వెతుకులాట |

కమాన్ కట్టలున్న బండి

ఇక్కడ ఎంపికలు ఎక్కువ, మోసపోవడానికి అవకాశాలూ ఎక్కువ. కాబట్టి వివరంగా చూద్దాం.

మొదట బుష్షులు (కట్ట కన్నంలోని రబ్బరు తొడుగులు), షాకిల్ పిన్నులు (కట్ట చివరను చాసిస్‌కు కలిపే ఊగే లింకు పిన్నులు). రబ్బరు అరిగి పిన్ను నేరుగా కన్నానికి తగులుతుంటే కొన్ని మి.మీ. అక్కడే పోతాయి. పైగా స్టీరింగ్ పట్టు తప్పుతుంది. కట్ట కింద సన్నటి ఇనుప రాడ్డు పెట్టి ఎత్తితే పిన్ను ఎంత ఆడుతుందో తెలుస్తుంది. గ్రీజు నిపుల్ ఉన్న పిన్ను అయితే గ్రీజు రెండో వైపు నుంచి బయటికి వస్తుందో లేదో చూడండి. చెలక దారుల ఇసుక లోపల చేరి గ్రీజు దారి మూసుకుపోతుంది, పిన్ను ఎండిపోయి అరిగిపోతుంది. ఏ దారి ఎంచుకున్నా ఇవి మార్చాల్సిందే. వీటిని పాతవే ఉంచి కొత్త కట్టలు వేయిస్తే కూలీ డబ్బు రెండు సార్లు పోతుంది.

వంగబెట్టించడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన దారి. కమాన్ షాపులో కట్ట విప్పి, ఒక్కో పట్టీని దిమ్మె మీద సుత్తితో కొట్టి వంపు తిరిగి తెస్తారు. చల్లగా, ఓపికగా, పట్టీ పొడవునా దగ్గర దగ్గరగా దెబ్బలు వేస్తే కొంతకాలం నిలుస్తుంది. గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచితే మాత్రం ఆ పట్టీ పని అయిపోయినట్టే. కమాన్ ఉక్కుకు ఆ గుణం వచ్చేది వేడి పద్ధతిలోనే: 850–900 డిగ్రీల దగ్గర కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ 450–500 డిగ్రీలలో టెంపర్ చేస్తే వస్తుంది. రోడ్డు పక్క మంటకు ఆ కొలత ఉండదు. కాలిన చోట ఉక్కు మెత్తబడి తొందరగా కుంగుతుంది, నీళ్లు పోసి చల్లార్చితే పెళుసెక్కి విరుగుతుంది. షాపులో మంట కనపడితే కట్టలు వెనక్కి తెచ్చుకోండి.

ఒకటి రెండు మందపాటి పట్టీలతో, నడిమిన లావుగా, చివరికి సన్నగా ఉండే పారాబోలిక్ కట్టలను అసలు సుత్తికి ఇవ్వొద్దు. టాటా ఏస్ లాంటి చిన్న బండ్ల ముందు ఉండేవి ఈ రకమే. వాటి బలమంతా ఆ మందం మారే తీరులో ఉంది. దెబ్బకు పడిన చొట్టలోంచే పగులు మొదలవుతుంది. వాటికి పట్టీ చేర్చడం కూడా కుదరదు, పట్టీల మధ్య ఖాళీ ఉండేలా చేసినవి అవి. పారాబోలిక్‌కు ఒకటే దారి, కొత్త జత.

పట్టీ చేర్చడం వరుసగా నాలుగైదు పట్టీలున్న మామూలు కట్టలకే. దీనితో ఎత్తూ వస్తుంది, గట్టిదనమూ వస్తుంది. ముందు నిజంగా బరువు పెరిగిన బండికి ఇది న్యాయమైన ఎంపిక. కొత్త పట్టీ వెడల్పు పాతవాటితో సమానంగా ఉండాలి. పొడవు మెయిన్ పట్టీకన్నా తక్కువ, దాని కింది పట్టీకి దగ్గరగా ఉంటే బరువు పంచుకుంటుంది. పొట్టి పట్టీ వేస్తే మెయిన్ పట్టీ సరిగ్గా దాని చివర దగ్గరే విరుగుతుంది. రెండు వైపులా చేర్చాలి. కట్ట మందం పెరుగుతుంది కాబట్టి పట్టీలను నడిమిన కలిపే సెంటర్ బోల్టు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు పొడవువి కావాలి. విప్పిన యూ బోల్టులు సాగి ఉంటాయి, వాటినే తిరిగి బిగించడం మంచిది కాదు. యూ బోల్టు వదులైతే ఇరుసు జరుగుతుంది, సెంటర్ బోల్టు తెగుతుంది, ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు లాగుతుంది.

పొడవాటి షాకిళ్లు చౌక అని కొందరు వేస్తారు. షాకిల్ ఎంత పొడవు పెరిగితే బండి దాదాపు అందులో సగం లేస్తుంది. అసలు చిక్కు స్టీరింగ్‌లో వస్తుంది. షాకిల్ కట్ట వెనక చివర ఉంటే ఇరుసు పైభాగం వెనక్కి వాలి స్టీరింగ్ బరువెక్కుతుంది. పాత మహీంద్రా జీపుల్లో లాగా ముందు చివర ఉంటే ఇరుసు ముందుకు వాలి, స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం మానేస్తుంది. 65వ నంబరు హైవే మీద అట్లాంటి బండిని నేరుగా పట్టుకోవడమే కష్టం. కోణం సరిచేసే వెడ్జ్‌లు లేకుండా ఇది చేయించొద్దు.

ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టి లేపడం వెనక ఇరుసుకు చేస్తారు. ముందు ఇరుసుకు ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. బ్రేకు కొట్టినప్పుడు ముందు ఇరుసు తిరగబడే బలం చాలా ఎక్కువ. దిమ్మె జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

కాయిల్ ఉన్న బండి

స్పేసర్ అనేది స్ప్రింగు పైనో కిందో పెట్టే అల్యూమినియం లేదా గట్టి ప్లాస్టిక్ ఉంగరం. స్ప్రింగు ఆర్మ్ నడిమిన కూర్చుంటుంది, చక్రం ఆర్మ్ చివర ఉంటుంది. అందుకే 10 మి.మీ. స్పేసర్ పెడితే చక్రం దగ్గర 15 నుంచి 20 మి.మీ. లేస్తుంది. ఈ లెక్క తెలియక 30 మి.మీ. ఎత్తు కావాలని 30 మి.మీ. స్పేసర్ పెడితే బండి కంపెనీ ఎత్తుకన్నా చాలా పైకి పోతుంది. కాయిల్‌ను షాకబ్జర్ మీదే ఎక్కించిన స్ట్రట్ రకమైతే లెక్క వేరు, దాదాపు పెట్టినంతే లేస్తుంది.

కుంగిన స్ప్రింగుకు స్పేసర్ పెడితే ఎత్తు తిరిగొస్తుంది కానీ చుట్ల మధ్య ఖాళీ తిరిగి రాదు. స్ప్రింగు పొడవు తగ్గింది, స్పేసర్ వచ్చి ఆ జాగా తీసుకుంది. పెద్ద గుంతలో పడితే చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. కడిగిన స్ప్రింగు మీద చుట్ల మధ్య పెయింట్ పోయి మెరిసే గీతలుంటే అది ఇప్పటికే జరుగుతోందని అర్థం. అప్పుడు స్పేసర్ మాట వదిలెయ్యండి. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పెట్టడం ఎప్పుడూ తగదు.

చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు ఆటోమొబైల్ దుకాణాల్లో చేతికందే ధరకు దొరుకుతాయి, గంటలో పెట్టేస్తారు. బఫర్ ఉన్న చోట ఒక చుట్టు కదలదు. ఆ పని మిగతా చుట్ల మీద పడుతుంది. అందుకే స్ప్రింగు గట్టిపడినట్టు అనిపిస్తుంది. మట్టి, ఇసుక రబ్బరుకూ ఉక్కుకూ మధ్య చేరి పెయింట్ గీకేస్తాయి, అక్కడ తుప్పు మొదలై అక్కడే విరుగుతుంది. కోతల నెలలు దాటించి కొత్త స్ప్రింగులు వేయిద్దామనుకునే వాళ్లకు ఇది పనికొస్తుంది. ఏళ్ల తరబడి ఉంచే సరుకు కాదు.

కొత్త కాయిల్ జత వేయించేవాళ్లు మొదట కంపెనీ కొలతవే అడగాలి. ఎక్కువ గట్టివి ముందు బరువు నిజంగా పెరిగినప్పుడే. ముందు గార్డు వల్ల బండి కుంగిందని చాలామంది అంటారు, లెక్కేస్తే అంత ఉండదు. చక్రం దగ్గర 3 కిలోలకు 1 మి.మీ. దిగే స్ప్రింగు అనుకుందాం. 40 కిలోల గార్డు ఒక్కో వైపు 20 కిలోలు, అది ఇరుసుకన్నా ముందుకు ఉంది కాబట్టి ఇంకొంచెం. దిగేది 8, 9 మి.మీ. బండి 40 మి.మీ. కుంగితే తప్పు గార్డుది కాదు, స్ప్రింగుదే. అయినా గార్డు తీసెయ్యడమే మేలు. అట్లాంటి గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది.

ఆర్ముల మధ్య కాయిల్ విప్పడం ఇంట్లో చేసే పని కాదు. ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ వదలగానే నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరి మనిషిని చంపగలదు. స్ప్రింగు కంప్రెసర్ ఉండాలి, స్ప్రింగును చాసిస్‌కు గొలుసుతో కట్టాలి, లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి మెల్లగా దించాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ షాపులో చేయించొద్దు.

టార్షన్ బార్ ఉన్న బండి

మూడింటిలో ఖర్చు తక్కువ, పని తేలిక అయినది ఇదే. అందుకే దీన్ని మితిమీరి తిప్పేవాళ్లూ ఎక్కువ.

ముందు రోజు సాయంత్రం బోల్టు మర ఇనుప బ్రష్‌తో రుద్ది తుప్పు వదిలే నూనె పోసి ఉంచండి. మర్నాడు ముందు భాగాన్ని చాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు వేలాడనివ్వండి. బరువు బార్ మీద ఉండగానే తిప్పితే మర పిండైపోతుంది. ఇప్పుడు ఎంత మర బయట ఉందో కొలిచి రాసుకోండి. రెండు వైపులా రెండేసి చుట్లు బిగించి, దించి, బండిని ముందుకూ వెనక్కూ నడిపి, మళ్లీ హబ్ నుంచి కొలవండి. ఒక చుట్టుకు ఎన్ని మి.మీ. లేచిందో అప్పుడు మీ బండి లెక్కే చెప్తుంది. ఆ లెక్కతో మిగతాది తిప్పండి.

ఎక్కడ ఆపాలి? కంపెనీ చెప్పిన ఎత్తు దగ్గర. అది దొరకకపోతే బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు పై ఆర్మ్‌కూ దాని కిందికి వేలాడకుండా ఆపే రబ్బరుకూ మధ్య జాగా చూడండి. రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాలి. ఆ జాగా పోయాక ఇంకా తిప్పితే చక్రం గుంతలోకి దిగలేదు, ప్రతి చిన్న గుంతకూ ఆర్మ్ రబ్బరును కొడుతుంది. బండి గట్టిపడిందనుకుంటారు, నిజానికి గట్టిపడింది బార్ కాదు, వేలాడే జాగా అయిపోయింది. బాల్ జాయింట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిల్ జాయింట్ల రబ్బరు తొడుగులు తొందరగా పోవడానికి కారణం ఇదే.

బోల్టు చివరిదాకా వచ్చినా ఎత్తు రాకపోతే బార్‌ను ఊడదీసి గాడి ఒక పన్ను జరిపి పెట్టవచ్చు. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి. కుడి బార్ కుడికే, ఎడమది ఎడమకే. రెండింటినీ వ్యతిరేక దిశల్లో మెలితిప్పడానికి తయారుచేస్తారు, చివర గుర్తు ఉంటుంది, మారిస్తే విరుగుతాయి. బార్ మీద పానా జారి పడిన గీత కూడా పగులుకు దారి తీస్తుంది కాబట్టి దాని దగ్గర గొలుసులు, ఉలి వాడనివ్వొద్దు.

తిప్పిన ఎత్తు నెల తర్వాత మళ్లీ కొలవండి. 5 మి.మీ. లోపు దిగితే సర్దుకుంది. 15 దాటి దిగితే బార్ ఉక్కు అలసిపోయింది, ఇంక తిప్పడం వృథా. ఈ నెల రోజుల పరీక్ష కమాన్‌కూ, కాయిల్‌కూ కూడా పనికొస్తుంది.

ఎవరికి ఏది?

బత్తాయి లోడుతో నల్లగొండ తోటల నుంచి బాటసింగారం మార్కెట్‌కు వారానికి మూడు నాలుగు సార్లు పోయే బండికి కొత్త జత స్ప్రింగులే. రాత్రి పూట, నిండు లోడుతో, హైవే వేగంతో పోయే బండిలో మధ్యేమార్గం వెతకొద్దు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే బండ్లదీ ఇదే లెక్క. కాకపోతే వాళ్లు స్ప్రింగు కొనకముందు సంచులు లెక్కపెట్టుకోవాలి. 40 కిలోల బస్తాలు పాతిక ఎక్కువైతే టన్ను ఎక్కువైనట్టు. ఓవర్‌లోడుకు జరిమానా ఇరవై వేలతో మొదలై, పైన ప్రతి టన్నుకు రెండు వేలు.

పెబ్బేరు సంతకు గొర్రెలు, బర్రెలు తీసుకుపోయే బండి విషయం కొంచెం వేరు. జీవాలు నిలబడి అటూ ఇటూ జరుగుతాయి, బండి ఊగుతుంది. అక్కడ ఎత్తుకన్నా బుష్షులు, షాకబ్జర్లు ముఖ్యం. అవి చేయించి, ఎత్తు తక్కువైతే కంపెనీ కొలత దాకా మాత్రమే లేపండి. అంతకన్నా ఎత్తయితే మలుపుల్లో ఒరుగుతుంది.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఉండి మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగే బండికి ముందు కుంగుడు ప్రమాదం. దిగుడులో బ్రేకు బరువంతా ముందుకే వస్తుంది. బంప్ స్టాప్ మీద నడిచే చక్రం మలుపులో పట్టు తప్పుతుంది. ఈ బండికి స్పేసర్, బఫర్ సరిపోవు.

పొలానికి మందుబస్తాలు, పైపులు, మోటారు తీసుకుపోయే సొంత బండి, నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లకు మించి తిరగనిది అయితే బోల్టు తిప్పడం, 15 మి.మీ. లోపు స్పేసర్, చల్లగా కొట్టించిన కట్టలు, ఏదైనా సరిపోతుంది. ఆరు నెలలకోసారి కొలిస్తే చాలు.

ఏడాదిలో అమ్మేద్దామనుకునే బండికి విరిగినవి, అరిగినవి మార్చండి, ఎత్తు జోలికి పోవద్దు. స్పేసర్ చూసిన కొనుగోలుదారు బేరం తగ్గిస్తాడు.

స్టైల్ కోసం కంపెనీ ఎత్తు దాటించి లేపడం వీటిలో ఎవరికీ అవసరం లేదు. ఆర్సీలో ఉన్న వివరాలకు బండి వేరుగా మారితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, యజమానికి ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కాబట్టి దాచేదీ కాదు.

లేపిన రోజే చేయవలసినవి

ముందు చక్రాలు గాల్లో వేలాడుతుండగా స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేకు హోస్ చూడండి. బిగుసుకుంటే ఆ ఎత్తు పనికిరాదు, తగ్గించాలి. షాకబ్జర్ పూర్తిగా సాగి అదే బండిని పట్టుకుని ఉందా చూడండి. అట్లా ఉంటే దాని బుష్షు వారాల్లో చిరుగుతుంది.

వీల్ అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. ఎత్తు మారితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, కొత్త టైరు కూడా కొద్ది వేల కిలోమీటర్లలోనే అంచు కోల్పోతుంది. స్ప్రింగులు సర్దుకున్నాక, 500 కిలోమీటర్ల దగ్గర, యూ బోల్టులు మళ్లీ టార్క్ పానాతో బిగించి అలైన్‌మెంట్ మరోసారి చూపించండి. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకోవాలి. ముందు 30 మి.మీ. లేచిన బండి డిమ్ లైటు సైతం ఎదురొచ్చే బైకు మనిషి కళ్లలో పడుతుంది. లేపకముందే గోడకు పది అడుగుల దూరంలో బండి నిలిపి వెలుగు అంచు దగ్గర సుద్దతో గీత గీసి ఉంచితే, లేపాక అదే చోట నిలిపి స్క్రూ తిప్పి ఆ గీతకే తేవచ్చు. బండి లేచిన ఎత్తు గోడ మీద ఎక్కువగా కనపడుతుంది కాబట్టి గీతకు ఒకటి రెండు వేళ్లు పైన ఉన్నా దించే తీరాలి.